యాభై అయిదు నిమిషాలు

ఆ వారం చేయవలసిన పనులను ఆమె ఒక కాగితం మీద రాసి, బల్ల మీది అద్దం కింద పెట్టుకుంది:

కొత్త టైమ్‌టేబుల్ ప్రూఫులు దిద్దడం.
పాత విమానాశ్రయం నుంచి కొత్త విమానాశ్రయానికి బస్సు దూరం, ప్రయాణ సమయం మళ్ళీ కొలవడం. మూడు ట్రిప్పులు.
కొలిచింది నాలుగో నంబరు ఫారంలో రాసి ఇవ్వడం.
శుక్రవారం మేనేజరు గారి ప్రయాణం ఏర్పాట్లు.
నాన్న కళ్ళజోడుకు కొత్త అద్దాలు.
స్టాప్‌వాచీకి బ్యాటరీ.

ఎవరు చూసినా అందులో వింతేమీ కనపడదు. మూడో పని పక్కన పెన్సిలుతో గీసిన చిన్న బాణం మాత్రం కిందికి వంగి, నాలుగో పని దాటి ఆగింది. మేనేజరు గారి ప్రయాణం అయ్యాకే ఫారం ఇవ్వాలని దాని అర్థం.

మంగళవారం పొద్దున పది గంటల బస్సులో, డ్రైవరు వెనకున్న ఒంటి సీట్లో కూర్చుంది. అది మూడో ట్రిప్పు. ఒళ్ళో అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితం, చెవి వెనక పెన్సిలు. డ్రైవర్లు ఆమెను డిగ్రీ అమ్మాయి అంటారు. బస్సు డిపో క్వార్టర్సులో పుట్టి డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి ఆమే. టైమ్‌టేబుల్ విభాగంలో గుమాస్తాగా చేరిన రోజున డ్రైవర్లంతా వరసగా వచ్చి ఆమె బల్లను చేత్తో తడిమి చూసి వెళ్ళారు.

"ఏం డిగ్రీ, ఇవాళ కూడా మా బండికి పరీక్షేనా?" అన్నాడు డ్రైవరు, అద్దంలోంచి చూస్తూ. ఆయన్ని డిపోలో అందరూ మీసాలాయన అంటారు. నాన్నా ఆయనా ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఆమెకు చిన్నప్పటి నుంచీ బాబాయ్.

"బండికి కాదు బాబాయ్. రోడ్డుకి."

"రోడ్డుకయితే సున్నా వేసెయ్. అదేమీ ఏడవదు."

ఆయన ట్రిప్ షీటును స్టీరింగు మీద ఆనించి రాస్తున్నాడు. బయలుదేరిన సమయం పది. చేరిన సమయం పది యాభై అయిదు. బస్సు ఇంకా గేటు కూడా దాటలేదు.

"అప్పుడే చేరిపోయామా?"

"కాగితం మీద ఎప్పుడో చేరాం తల్లీ. మనమే వెనకబడ్డాం." షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "యాభై ఆరని రాశామనుకో, ఒక సంజాయిషీ. యాభై ఏడంటే ఇంకోటి. సంజాయిషీలు రాయడానికి మాకు మళ్ళీ బడికి పోయే ఓపిక లేదు. డిపో అంతా ఇలాగే రాస్తుంది. రాయంది మీ నాన్న ఒక్కడే."

అని, అనకూడని మాట అన్నట్టు గబుక్కున గేరు మార్చాడు.

మూడేళ్ళ కిందట ఇదే పది గంటల బస్సులో ఇరవై తొమ్మిది మందికి విమానాలు తప్పిపోయాయి. విచారణలో డ్రైవర్ల ట్రిప్ షీట్లన్నీ బల్ల మీద పరిచారు. అందరివీ యాభై అయిదే. నాన్నవి మాత్రం ఎనభై ఎనిమిది, తొంభై, తొంభై రెండు. మిగతా వాళ్ళు సమయానికి చేరుతుంటే ఇతనొక్కడే దారిలో ఎక్కడో బండి ఆపి కాలక్షేపం చేస్తున్నాడని ఈ ట్రాఫిక్ మేనేజరే రాసి, కింద సంతకం పెట్టాడు. నాన్న స్టీరింగు వదిలి, బస్సులు కడిగే షెడ్డులో నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు. ఇంకో ఎనిమిది నెలల్లో ఆ గొట్టంతోనే రిటైరవుతాడు.

పద్దెనిమిదో నిమిషంలో వంతెన మలుపు వచ్చింది. ఎత్తయిన బండ్లు వంతెన ఎక్కకుండా రోడ్డుకు అడ్డంగా ఒక ఇనప కమ్మీ బిగించి ఉంది. కార్లు ఒకదాని వెనక ఒకటి దాని కింది నుంచి దూరిపోతున్నాయి. బస్సు కమ్మీ ముందు నిదానించి, ఎడమ పక్కకు, సరుకుల లారీలు వెళ్ళే పాత రోడ్డుకు తిరిగింది. అక్కడి నుంచి గోదాములు, రైలు గేటు, మళ్ళీ గోదాములు. రైలు గేటు దగ్గర పదకొండు నిమిషాలు. ఆమె ప్రతి ఆగుడూ రాసుకుంది. బస్సు ఆగినప్పుడల్లా డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి తొడల మీద తుడుచుకోవడం చూసింది. నాన్న కూడా అలాగే తుడుచుకునేవాడు.

టైమ్‌టేబుల్లో ఉన్న దూరం నలభై ఒక్క కిలోమీటర్లు. బస్సు నడిచింది యాభై ఎనిమిది. పాత ఫైలులో మేనేజరు చేతిరాతే ఉంది: కంపెనీ కారులో, సెలవు రోజున, పొద్దున ఆరింటికి, గేటు నుంచి గేటుకు కొలిచినట్టు. కారు కమ్మీ కింది నుంచి దూరిపోయింది. బస్సు దూరదన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టిన డ్రైవర్లు నోరు విప్పలేదు. విప్పినవాడు బస్సులు కడుగుతున్నాడు.

స్టాప్‌వాచీ తొంభై రెండు చూపించింది. మధ్యాహ్నం ఆఫీసుకు తిరిగొచ్చి, నాలుగో నంబరు ఫారం మూడు కాపీలుగా కార్బన్ పెట్టి నింపింది. తేదీ వేసింది, సంతకం చేసింది. ఫారం ఇచ్చిన మర్నాడే కౌంటరు బోర్డు మీద కొత్త సమయం ఎక్కాలి. అది రూలు. ఆమె మూడు కాపీలనూ సొరుగులో పెట్టి తాళం వేసింది.

*

"రా అమ్మా రా, కూర్చో," అన్నాడు మేనేజరు. ఆయన ఎవరినీ కసురుకోడు. గుమాస్తాలందరినీ అమ్మా, నాయనా అనే పిలుస్తాడు. కొట్టేవాడయితే తిట్టుకోవచ్చు, ఈయన్ని తిట్టుకోవడానికి కూడా కష్టపడాలి అని ఆమె చాలాసార్లు అనుకుంది. కష్టపడే తిట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రధాన కార్యాలయంలో ఆయనకు ఇంటర్వ్యూ. జనరల్ మేనేజరు పదవికి. కొత్త విమానాశ్రయం నుంచి పన్నెండు గంటల విమానం.

"పదింటికి కారు చెప్పెయ్. సరిపోతుంది కదూ?"

"సరిపోతుంది సార్." ఆమె గొంతు సవరించుకుంది. ఈ మాటను రెండు రోజులుగా లోలోపల వల్లె వేసుకుంటోంది. "కారెందుకు సార్? మన పది గంటల బస్సే ఉందిగా. పది యాభై అయిదుకల్లా దింపేస్తుంది. బోర్డు వాళ్ళు అడిగితే, నేనూ మన బస్సులోనే వచ్చానని చెప్పుకోవచ్చు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖం విప్పారింది. "శభాష్. చదువుకున్న పిల్లవనిపించావ్. అలాగే చెయ్యి." ఆమె లేవబోతుంటే అడిగాడు, "నాన్నెలా ఉన్నాడు? పాపం మంచివాడే. కాస్త నిదానం, అంతే."

"బాగున్నారు సార్," అంది. తలుపు దగ్గరగా వేసి, వరండాలో నిలబడి, గోళ్ళు అరచేతిలో దిగేదాకా పిడికిలి బిగించింది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. రోజంతా నీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడి, ఎవరివో ముసలివాళ్ళ వేళ్ళు తెచ్చి అతికించినట్టు ఉంటాయి. షెడ్డులో పని తొమ్మిదింటికి మొదలవుతుంది. అయినా ఈ మూడేళ్ళూ ఆయన డ్యూటీకి వెళ్ళేవాడిలాగే తెల్లారకముందే గడ్డం గీసుకుంటున్నాడు.

"వచ్చిందండీ కొలతల అమ్మగారు," అంది లోపలి నుంచి మేనత్త. "ఇదిగో, ఈ కూర ఉడకడానికి ఎంత పట్టిందో కూడా రాసుకో. లేకపోతే మీ ఆఫీసు వాళ్ళు సంజాయిషీ అడుగుతారు."

"నువ్వుండక్కా," అని నాన్న కూతురి వైపు తిరిగాడు. "కొలిచావా?"

"కొలిచాను. తొంభై రెండు. ఎనభై ఎనిమిది. తొంభై అయిదు." ఒక్కొక్క అంకే ఆయన చేతిలో పెడుతున్నట్టు చెప్పింది.

ఆయన నూనె రాయడం ఆపాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "రైలు గేటు దగ్గర రెండు బళ్ళు పోనిచ్చారా?" అన్నాడు.

"రెండు."

"ఆఁ. రెండే," అని తలాడించాడు. "ఫారం ఇచ్చేశావా?"

"శుక్రవారం అయ్యాక ఇస్తాను." ఎందుకో చెప్పింది. కళ్ళు మెరుస్తుండగా, గొంతు తగ్గించి, మొత్తం చెప్పింది. మేనత్త గరిటె పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసింది. "వాత పెట్టు, పెట్టు! ఆ పెద్దమనిషి ముఖం ఎలా మాడిపోయిందో నాకు వచ్చి చెప్పాలి సుమా," అంది.

నాన్న నవ్వలేదు. "బస్సులో ఆయనొక్కడే ఉండడు కదమ్మా."

"నీ బస్సులో ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళ పేరు చెప్పే నిన్ను తీసేశారు. తర్వాత ఎవడైనా ఆ రోడ్డు ఒకసారి చూసొచ్చాడా? మూడేళ్ళుగా రోజూ తప్పిపోయేవాళ్ళు తప్పిపోతూనే ఉన్నారు నాన్నా. ఇంకో మూడు రోజులకు కొంపేమీ మునగదు."

ఆయన సీసా మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ బిగించాడు. "నాకోసమని మాత్రం చెయ్యకు," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

నీకోసం కాకపోతే ఇంకెవరికోసం అనుకుంది ఆమె. బుధవారం ఫారం సొరుగులోనే ఉంది. గురువారం కూడా ఉంది. ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ ఆమె తాళం ఉందో లేదో వేలితో తడిమి చూసుకునేది. శుక్రవారం మధ్యాహ్నం మూసేసిన కౌంటరు ముందు మేనేజరు నిలబడే తీరును ఎన్ని రకాలుగా ఊహించుకోవచ్చో అన్ని రకాలుగానూ ఊహించుకుంది. ఒకసారి ఆయన చేతిలో పెట్టె జారిపడింది. ఇంకోసారి ఆయన ఆమెనే బతిమాలాడు. ప్రతిసారీ ఆమె ఒకటే మాట అంది: కాస్త నిదానం సార్, అంతే.

*

శుక్రవారం ఆమె కూడా ప్రయాణం కట్టింది. ప్రూఫుల మీద కొత్త విమానాశ్రయం ఆఫీసు సంతకం కావాలని రాసి పెట్టింది. సంతకానికి తొందరేమీ లేదు. ఆయన ముఖం చూడాలి.

పది గంటల బస్సు షెడ్డులోంచి కడిగిన తడితో వచ్చి నిలబడింది. అద్దాలు తళతళలాడుతున్నాయి. ఎవరు కడిగారో ఆమెకు తెలుసు. మూలల్లో కూడా ఒక్క మరక ఉండదు.

తొమ్మిదీ నలభైకి ఆమె బస్సు కౌంటరు పక్కన నిలబడి ఉంది. మేనేజరు తోలుపెట్టెతో, ఇస్త్రీ మడత చెదరని కోటుతో వచ్చి, కౌంటరు గుమాస్తాతో సరదాగా మాట్లాడుతున్నాడు. అప్పుడే నీలం రంగు గుడ్డసంచీ ఒకటి భుజాన వేసుకుని, అప్పుడే విమానం దిగినట్టు నలిగిన చీరతో ఒకామె పరుగులాంటి నడకతో వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వేళ్ళ చివర్ల సూది గుచ్చుకున్న గట్టి మచ్చలు. కుట్టుపని చేసే మనిషి. కౌంటరు దగ్గర వరస ఉండటంతో, మెడలో ఆఫీసు కార్డు చూసి నేరుగా ఈమె దగ్గరికే వచ్చింది.

"అమ్మా, దీవికి పోయే విమానం కొత్త విమానాశ్రయంలోనట కదా. పదకొండూ పదికల్లా అక్కడ ఉండాలన్నారు. బస్సులో అందుకుంటానా? లేదంటే కారు మాట్లాడుకోమంటారా?"

కారయితే వంతెన మీంచి యాభై అయిదు నిమిషాలు. బయట వరసగా కార్లున్నాయి.

మేనేజరు రెండడుగుల దూరంలో ఉన్నాడు. మాట వినపడి చిరునవ్వుతో ఇటు తిరిగాడు. ఇప్పుడు కారు మాట్లాడుకోమంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే ఆయన కూడా కారే ఎక్కుతాడు.

"బస్సు యాభై అయిదు నిమిషాలండీ," అంది ఆమె. "టేబుల్లో అదే ఉంది."

"ఖాయంగానా తల్లీ? నాకు దారులు తెలీవు."

"మన బస్సు ఎప్పుడూ ఆలస్యం కాదమ్మా," అన్నాడు మేనేజరు. "నేను కూడా అందులోనే వస్తున్నాను."

నీలం సంచీ ఆమె ముఖంలో బెదురు తగ్గింది. ఇద్దరికీ దణ్ణం పెట్టి బస్సెక్కింది.

బస్సు కదిలింది. మేనేజరు మూడో వరసలో పేపరు విప్పుకున్నాడు. నీలం సంచీ ఆమె, ఆయనకు పక్క వరసలో కిటికీ దగ్గర కూర్చుంది. డిగ్రీ అమ్మాయి తన ఒంటి సీట్లోంచి వెనక్కి తిరిగి, మేనేజరును చూద్దామనే చూసింది. కాని కన్ను పక్క వరసకు పోయింది. ఒళ్ళో సంచీ మీద ఆమె చేతులు కదులుతున్నాయి. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి, ఒక చెయ్యి ఇంకో చేతిని తాకి వెనక్కి వస్తోంది. మధ్యమధ్య రెండు వేళ్ళు మణికట్టు మీద ఆనించి, తర్వాత గుండె మీద పెట్టుకుంటోంది. గడియారం లేదు కాబోలు, టైమెంతయిందోనని కంగారు పడుతోందనుకుంది అమ్మాయి.

పద్దెనిమిదో నిమిషంలో బస్సు ఇనప కమ్మీ ముందు నిదానించి ఎడమకు తిరిగింది.

మేనేజరు పేపరు దించాడు. "ఏయ్, ఎటు తిప్పుతున్నావ్? వంతెన అటు కదా?"

"బస్సు పట్టదు సార్. కమ్మీ ఉంది," అన్నాడు డ్రైవరు, అద్దంలోంచి.

"కమ్మీనా? ఎప్పటి నుంచి?"

"వంతెన కట్టినప్పటి నుంచీ సార్."

మేనేజరు సీట్లో ముందుకు జరిగాడు. "మరి ఎవరూ చెప్పలేదేం?"

"ఒకాయన రాశాడు సార్ షీట్లో." డ్రైవరు మీసం కొస పంటికింద పెట్టుకుని వదిలాడు. "ఇప్పుడు బస్సులు కడుగుతున్నాడు. ఇది కూడా ఆయన కడిగిందే."

మూడేళ్ళు ఎదురుచూసిన మాట అది. అమ్మాయికి ఒళ్ళంతా వేడి పాకింది. మేనేజరు మెడ కాలరు దగ్గర ఎర్రబడటం, చేతి గడియారం చూసుకోవడం, పేపరును తప్పు మడతలో మడవడం అన్నీ కళ్ళారా చూసింది. రైలు గేటు పడింది. ఆయన లేచి తలుపు దాకా నడిచి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "కాస్త తొందరగా పోనీ నాయనా," అన్నాడు. "గేటు తియ్యాలి కద సార్," అన్నాడు డ్రైవరు.

మొదటి రైలు పోయింది. గేటు తెరవలేదు. రెండో రైలు కోసం ఆగారు. అప్పుడు నీలం సంచీ ఆమె లేచి ముందుకు వచ్చి, అమ్మాయి సీటు కమ్మీ పట్టుకుంది.

"యాభై అయిదన్నారు కదమ్మా. అప్పుడే గంట దాటినట్టుందే."

అమ్మాయి చేతిలోని ప్రూఫులను ఒళ్ళో బోర్లించింది.

*

పదకొండూ ముప్పై ఒకటికి బస్సు కొత్త విమానాశ్రయం ముందు ఆగింది. మేనేజరు మూసేసిన కౌంటరు దాకా వెళ్ళి, పక్కకు వచ్చి, ఫోను తీశాడు. అమ్మాయి స్తంభం పక్కన నిలబడి చూస్తోంది. పెట్టె జారిపడలేదు. ఆయన ఎవరినీ బతిమాలలేదు. ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడి, చివర గట్టిగా నవ్వాడు. "బుధవారానికా? మరీ మంచిది. ఈలోగా ఇంకొంచెం తయారవుతాను," అన్నాడు. ఫోను జేబులో వేసుకుని, కారు మాట్లాడుకుని, వంతెన దారిన వెళ్ళిపోయాడు.

అంతే. మూడేళ్ళ పగకు అయిన ఖర్చు ఆయనకు ఒక ఫోను.

అవతలి కౌంటరు దగ్గర నీలం సంచీ ఆమె అక్కడి అమ్మాయిని బతిమాలుతోంది. దీవికి విమానాలు వారానికి రెండే. మళ్ళీ సోమవారమే. గాలి ఎక్కువున్న రోజులు కాబట్టి పడవలు తిరగడం లేదు. కౌంటరు అమ్మాయి ఈ మూడు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చెప్పి, చివరికి తల దించుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

పారిపోదామనుకుంది డిగ్రీ అమ్మాయి. కాళ్ళు ఆ కౌంటరు వైపే నడిచాయి.

"దీవిలో ఎవరున్నారండీ?"

"మా చెల్లెలు. ఆసుపత్రిలో ఉంది." ఆమె కోపంగా లేదు. దారి తప్పినవాళ్ళకు ఉండే అయోమయమే ముఖంలో ఉంది. "దానికి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. బడికి పంపలేదు. చిన్నప్పుడు మేమిద్దరం ఒక చేతిభాష కల్పించుకున్నాం. అది మా ఇద్దరికే తెలుసు. వాళ్ళాయన పోయాడు. ఎక్కడ నొప్పో, ఏం కావాలో దాన్ని అడిగేవాళ్ళే లేరు. డాక్టరు ఫోను చేశాడు, మీరొస్తే తప్ప మాకేమీ తెలీట్లేదని." చేతులు చూపించింది. "చాన్నాళ్ళయింది కదా, మర్చిపోయానేమోనని దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను."

ఆ రోజు ఆమెను ప్రయాణికుల విశ్రాంతి గదిలో ఉంచి, అమ్మాయి ఇంటికి వచ్చింది. మేనత్త ఆత్రంగా ఎదురొచ్చింది. "ఏమే, ముఖం మాడిందా?" అంది. అమ్మాయి ముఖం చూసి, చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

కూతురు చెప్పిందంతా రాత్రే విన్న నాన్న, శనివారం పొద్దున గడ్డం గీసుకుంటూ, "పద, నేను కూడా వస్తాను," అన్నాడు. మూడేళ్ళ తర్వాత ఆయన ఆ రోడ్డు మీద ప్రయాణం చేయడం అదే మొదటిసారి. ప్రయాణికుడిలా టిక్కెట్టు తీసుకుని, మీసాలాయన ఎంత పిలిచినా ముందుకు వెళ్ళకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. వంతెన మలుపు వచ్చినప్పుడు ఆయన చేతులు గాలిలో కొద్దిగా ఎడమకు తిరిగాయి.

విశ్రాంతి గదిలో నీలం సంచీ ఆమె కుర్చీ అంచున కూర్చుని ఉంది. భోజనం డబ్బా ఇస్తే మూత తీయలేదు. నాన్న ఆమె పక్కన కూర్చుని, "నేను ఆ బస్సు నడిపేవాణ్ణమ్మా," అన్నాడు. డబ్బా మూత తనే తీసి ఆమె ముందుకు జరిపాడు.

పన్నెండున్నరకు ఫోను మోగింది. ఆమె విన్నది. చాలాసేపు విన్నది. "ఎప్పుడు?" అని అడిగింది. తర్వాత, "చేతులు కదిపిందా అండీ?" అని అడిగింది.

అవతలి నర్సు చెప్పిందంతా విని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, గోడకు చెప్పినట్టు చెప్పింది. "నిన్న మధ్యాహ్నం నుంచీ ఆపకుండా కదుపుతూనే ఉందట. చెయ్యి బెణుకుతుందేమో, సూది ఊడిపోతుందేమోనని భయపడి, రెండు చేతులూ మంచం కమ్మీకి గుడ్డతో కట్టేశారట. పాపం వాళ్ళకేం తెలుసు. తెల్లారగట్ట పోయిందట."

నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను చేరి ఉంటే బతికేదని కాదు," అంది ఆమె. "చేతులు కట్టనిచ్చేదాన్ని కాను."

డిగ్రీ అమ్మాయి నేల మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "నాకు తెలుసండీ," అంది. "బస్సు తొంభై నిమిషాలు పడుతుందని నాకు తెలుసు. మంగళవారమే కొలిచాను. తెలిసీ మీకు చెప్పలేదు." ఎందుకు చెప్పలేదో కూడా చెప్పబోయింది. అంత పెద్దదిగా కనిపించిన ఆ కారణం, ఇప్పుడు నోట్లోకి వచ్చేసరికి చెప్పడానికే సిగ్గేసింది.

ఆమె చెయ్యి ఎత్తితే కొడుతుందనుకుంది అమ్మాయి. కొట్టినా బాగుండుననుకుంది. ఆమె రెండు వేళ్ళు తన మణికట్టు మీద ఆనించి, తర్వాత గుండె మీద పెట్టుకుంది.

"వచ్చేశాను అని అర్థం," అంది. "ముందుగా అదే చెప్పాలనుకున్నాను."

*

సోమవారం మేనేజరు ఆమెను పిలిపించాడు. బల్ల మీద ఖాళీ నాలుగో నంబరు ఫారం పెట్టి ఉంది.

"కూర్చో అమ్మా. ఆ రోడ్డు సంగతి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు చూడు. పోనీ, మంచే జరిగింది. నేను స్వయంగా బస్సులో ప్రయాణం చేసి లోపం కనిపెట్టానని బుధవారం బోర్డుకు చెబుతాను. నువ్వు ఇవాళ్టి తేదీతో ఫారం నింపి ఇచ్చెయ్."

ఆమె ఖాళీ ఫారాన్ని ఆయన వైపుకు జరిపింది. శుక్రవారం నాడు ఆయనకు తవ్విన గొయ్యి ఆయనకు మెట్టయింది.

"మంగళవారమే నింపాను సార్."

మేనేజరు ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. ఆయన తెలివిలేనివాడు కాడు. మంగళవారం, శుక్రవారం, బస్సే బాగుంటుందన్న సలహా, మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. లేచి తలుపు మూసి వచ్చాడు. కోప్పడతాడనుకుంది. గొంతు ఇంకా మెత్తబడింది.

"చూడమ్మా. ఆ ఫారం చింపెయ్. మంగళవారం తేదీ బయటికి వస్తే ముందు మునిగేది నువ్వే. తెలిసి దాచినట్టు లెక్క. ఇవాళ్టి తేదీ వేస్తే ఎవరికీ ఏమీ లేదు. నాన్న ఫైలు కూడా నేనే తెప్పిస్తాను. పొరపాటున జరిగిందని ఒక ముక్క రాస్తే, ఒకటో తేదీకల్లా స్టీరింగు ఎక్కుతాడు. ఎనిమిది నెలలయినా మర్యాదగా నడుపుకుంటాడు. ఏమంటావ్?"

ఆమె కోరుకున్నదంతా అదే. మూడేళ్ళుగా అదొక్కటే కోరుకుంది. ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు. ఇవ్వాల్సింది ఒక తేదీ, అంతే. డ్రైవర్లంతా రోజూ ఇస్తున్నదే.

తన బల్ల దగ్గరికి వచ్చి సొరుగు తాళం తీసింది. మూడు కాపీలు. మంగళవారం తేదీ. కింద ఖాళీగా ఉన్న వివరాల గడిలో పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. కార్బన్ అంచు వేళ్ళకు అంటుకుంది. బస్సుకు వంతెన దారి లేదని, మూడేళ్ళ కిందట ఒక డ్రైవరు ఈ సమయాన్నే నిజంగా రాశాడని, అందుకే అతను శిక్ష అనుభవిస్తున్నాడని రాసింది. తర్వాత పెన్ను కాసేపు ఆగింది. 'ఈ కొలత పూర్తయ్యాక నా సొంత కక్ష కారణంగా ఆరు రోజులు దాచిపెట్టాను. శుక్రవారం పది గంటల బస్సులో ఒక ప్రయాణికురాలు అడిగినప్పుడు తెలిసీ తప్పు సమయం చెప్పాను. ఆమె వెళ్ళవలసిన చోటుకు చేరలేదు.' అని కూడా రాసింది. ఒక కాపీ మేనేజరుకు, ఒకటి ప్రధాన కార్యాలయం టపాలో, ఒకటి తన దగ్గర.

మేనేజరు తన కాపీ చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మా, నీకు పిచ్చిగానీ పట్టిందా?" అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి నిజమైన కంగారు వినిపించింది. టపా అప్పటికే వెళ్ళిపోయింది. ఆ కంగారు కోసమే ఆమె ఇన్నాళ్ళూ బతికింది. ఇప్పుడది విన్నా, గది అవతల ఎవరో కుర్చీ జరిపినట్టే ఉంది.

సాయంత్రం నాన్న కొత్త అద్దాల కళ్ళజోడు పెట్టుకుని, కాపీని వెలుతురుకు పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు. తన గురించి రాసిన చోట ఆగలేదు. చివరి దాకా చదివాడు.

"ఇక నీ పని అయిపోయినట్టేనే డిగ్రీ," అంది మేనత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఆ సీటు నీకుండదు. షెడ్డులో గొట్టాలు ఇంకా మిగిలున్నాయటరా తమ్ముడూ?"

"ఒకటుంది," అన్నాడు నాన్న. కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి కూతురికి ఇచ్చాడు. ముడతలు పడ్డ చెయ్యి ఆమె తల మీద కాసేపు ఉంచాడు. "టైము సరిగ్గా రాశావ్."

సంజాయిషీ అడుగుతూ కాగితం వారం తిరక్కుండా వచ్చింది. ఆమెను ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదికి మార్చారు. మేనేజరు ఇంటర్వ్యూ మళ్ళీ వాయిదా పడింది. నాన్న ఫైలు మాత్రం ప్రధాన కార్యాలయంలో ఎవరి బల్ల మీదో తెరిచి ఉందట. ఆయన ఇంకా తెల్లారకముందే గడ్డం గీసుకుంటున్నాడు.

మీరెప్పుడైనా ఆ రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణం చేయవలసి వస్తే, బస్సు కౌంటరు మీద పెద్ద అంకెల్లో తొంభై అయిదు నిమిషాలని కనిపిస్తుంది. ఇంతసేపా అని మీకు చిరాకేస్తే, ఒక్క క్షణం ఆగండి. మేనేజరు పేరు మీకు అక్కర్లేదు, డిగ్రీ అమ్మాయి పేరు అసలే అక్కర్లేదు. దీవిలోని ఆసుపత్రిలో, మంచం కమ్మీకి కట్టేసిన రెండు చేతులతో అక్క కోసం ఎదురుచూసిన ఆ చెల్లెల్ని మాత్రం గుర్తుంచుకోండి. వీలయితే బస్సు ఎక్కేముందు, ఎవరూ చూడకపోయినా సరే, రెండు వేళ్ళు మీ మణికట్టు మీద ఆనించి, ఆ తర్వాత గుండె మీద పెట్టుకోండి.